ఒక ఔన్సు చేదు

నార్బర్ట్ వాండెహే ఎలాంటివాడని మా లిటిల్ షూట్ ఊళ్లో ఎవర్ని అడిగినా ఒకటే మాట చెబుతారు, మంచివాడని. నాకు ఆ మాట వింటే ఒళ్లు మంట. ఏ గొడవకీ రానివాడు, ఎవరికీ అడ్డు చెప్పనివాడు, నాకిది కావాలని ఒక్కనాడూ అడగనివాడు దొరికితే లోకం వాణ్ణి మంచివాడంటుంది. వాడివల్ల మనకే ఇబ్బందీ లేదని దాని అర్థం, అంతే.

ప్రతి శుక్రవారం సాయంత్రం ఊళ్లో అందరం వేయించిన చేపలు తినడానికి పోతాం. వడ్డించే పిల్ల వచ్చి ఏ చేప, బంగాళాదుంపతో అట్లు కావాలా వేపుడు కావాలా అని అడిగితే, నార్బ్ (నార్బర్ట్‌ని అందరం అలాగే పిలుస్తాం) ముందు తన భార్య రోజాన్ వంక చూసేవాడు. "ఆవిడేది చెబితే నాకూ అదే" అనేవాడు. రోజాన్ రాని రోజున నా వంక చూసేవాడు. మా పంతొమ్మిదేళ్ల పరిచయంలో ఆ మనిషి తన నోటితో తన తిండి చెప్పగా నేను వినలేదు. నలుగురితో పాటు నారాయణ, అంతే. నోట్లో నాలుక లేనివాడని వెనకాల అనేదాన్ని కూడా. తర్వాత జరిగింది చూశాక ఆ మాట అన్నందుకు సిగ్గుపడ్డాను.

ఇరవై మూడేళ్లు కాగితం మిల్లులో నీళ్లు పరీక్షించే పని చేశాడు. నది నీళ్లు గాజు గొట్టంలో పట్టి, మందు చుక్కలు వేసి, వచ్చిన రంగుని గోడమీది పట్టికతో పోల్చి, సరిపోయిందో లేదో రాయాలి. మిల్లు మూసేశాక ఊరి నీళ్ల శాఖలో చేరి మళ్లీ అదే పని. పట్టికలో ఉన్నదానికి సరిపోతే చాలు, నీళ్లు నీకెలా అనిపించాయని అక్కడెవరూ అడగరు.

నా పేరు ఆర్డిస్. హార్డ్‌వేర్ కొట్టు వెనక సగంలో, ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకి సరుకులమ్ముతాను. బార్లీ మాల్టు బస్తాలు, చల్లపెట్టెలో బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూలు, ఈస్టు పొట్లాలు, సీసాలు, మూతలు. పోటీల్లో బీర్లకి మార్కులు వేసే పని కూడా ఉంది నాకు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊరికేం, మంచిదే. తేడా అంతా నా నోట్లోనే ఉంది. ఎంత బాగా కాచినా ఏదో ఒక వంక పెట్టకుండా గ్లాసు కింద పెట్టినదాన్ని కాదు. "ఆర్డిస్ తిట్టలేదంటే అవార్డు వచ్చినట్టే" అని ఇంట్లో బీరు కాచుకునేవాళ్లం పెట్టుకున్న మా క్లబ్బులో, పాలలారీ తోలే డ్వేన్ వేళాకోళం చేస్తుంటాడు.

నార్బ్ మొదటిసారి వచ్చినప్పుడు డబ్బాలో అన్నీ కొలిచి పెట్టిన సరుకు కొనుక్కున్నాడు. లోపలి కాగితంలో ఎలా ఉందో అలా చేశాడు. బీరు సరిగ్గా వచ్చింది. పై నెల మళ్లీ డబ్బా. ఆ తర్వాత క్లబ్బులో వాళ్ల రెసిపీలు రాసుకుని, వాళ్లు ఎన్ని నిమిషాలంటే అన్ని నిమిషాలు మరిగించేవాడు. సొంతంగా ఒకటి కట్టుకోవచ్చు కదయ్యా అంటే, "ఉన్నవే బాగున్నాయి కదా" అనేవాడు.

జనవరి చివరి శనివారం వచ్చాడు. బూట్లకున్న మంచు గుమ్మంలో దులుపుకున్నాడు. చేతిలో చీటీ లేదు.

"ఈసారి నాదే ఒకటి కాద్దామనుకుంటున్నా" అన్నాడు.

"నీదంటే?"

"పాళ్లు నేనే కట్టుకుని. లేతరంగు బీరు, పేల్ ఏల్."

"అబ్బో. పంతొమ్మిదేళ్లకి తెల్లారిందన్నమాట. ఏం, ఇప్పుడేం ముంచుకొచ్చింది?"

అడిగాక అతని మొహం చూశాను. మెడ పక్కన చిన్న పట్టీ అంటించి ఉంది.

"నాలుక మొదట్లో గడ్డట" అన్నాడు. "మార్చి పదహారునించి కరెంటు పెడతారు, అదే, రేడియేషన్. ఏడు వారాలు. రెండో వారానికల్లా రుచి పోతుందట. మళ్లీ వస్తుందాండీ అని అడిగాను. కొందరికి కొంత వస్తుందన్నాడు డాక్టరు."

నేను కుర్చీలో కూర్చున్నాను. అతను నుంచునే ఉన్నాడు, నీళ్ల శాఖలో లెక్క అప్పచెబుతున్నట్టుగా.

"ఆరు వారాలుంది ఆర్డిస్. కాచడానికి ఒకరోజు, పులియడానికి రెండు వారాలు, సీసాల్లో గ్యాసు పట్టి నురగ రావడానికి రెండు వారాలు. ఎటు చూసినా సరిపోతుంది. నాదంటూ ఒకటి కాచుకుని, నోరు బాగుండగానే ఒక్క గ్లాసు తాగుదామని."

"సరిపోతుంది. వారంలోగా పాళ్లు తేల్చుకుంటే" అన్నాను.

అక్కడే ఇద్దరం మునిగాం. మంగళవారానికి ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఎనిమిది రకాల మాల్టు, ఆరు రకాల హాప్స్. క్లబ్బులో ఒక్కొక్కరినీ అడిగి, ఎవరినీ చిన్నబుచ్చడం ఇష్టంలేక, అందరు చెప్పినవీ వేసేశాడు.

"ఇది బీరా, చర్చి విందా? తలా ఒక గిన్నె తెచ్చినట్టుంది" అని అడ్డంగా కొట్టేశాను.

శుక్రవారం ఇంకో కాగితం. అందులో అంకెలు చూస్తే నాకే తల తిరిగింది. నాలుగు పౌండ్ల పైన పదమూడో వంతు, ఔన్సులో నూటికి అరవై ఎనిమిది వంతులు.

"ఏమిటయ్యా ఇది?"

"పేరున్న పేల్ ఏల్ రెసిపీలు పన్నెండు తీసుకున్నా. అన్నిటికీ సగటు కట్టా" అన్నాడు, బాగా చేశానన్న ధీమాతో.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పన్నెండుమంది ఫొటోలు కలిపి పెళ్లికొడుకుని తయారుచేసినట్టుంది వరస. అదీ కొట్టేశాను. తర్వాత ఇంకో రెండు తెచ్చాడు, అవీ కొట్టేశాను. అప్పటికి పదకొండు రోజులు పోయాయి. ఇంకొకరైతే ఇలా మొరటుగా కాకుండా, పక్కన కూర్చోపెట్టుకుని ఒక్క గంటలో తేల్చి పంపేవాళ్లు. నేను మాత్రం ఎర్రసిరా పెన్నుతో కూర్చున్నాను.

చివరికి విసుగొచ్చి అడిగాను. "ఇవన్నీ అవతల పారెయ్. అసలు నీకేం ఇష్టం?"

"అన్నీ సమానంగా ఉండాలి. మరీ తీపి కాకుండా, మరీ..."

"అది పుస్తకం చెప్పింది. నీకేం ఇష్టమని అడుగుతున్నా."

బస్తాల వంక చూశాడు, చల్లపెట్టె వంక చూశాడు. "నాకు తెలీదు ఆర్డిస్" అన్నాడు. అరవై నాలుగేళ్ల మనిషి. ఇంకో నెలలో నాలుక పోబోతోంది. నాకు కోపం వచ్చింది, ఎవరిమీదో చెప్పలేను.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు మూసేశాను. బల్లమీద చిన్న పళ్లాల్లో ఒక్కో రకం మాల్టు గింజలు పెట్టాను. వేడినీళ్లలో ఒక్కో రకం హాప్స్ నానబెట్టి కప్పుల్లో పోశాను. ఒకటి మాత్రం గంటసేపు మరగబెట్టిన కషాయం, ఉట్టి చేదు. నార్బ్‌ని కూర్చోబెట్టి గింజలు నమలమన్నాను, కప్పులు చప్పరించమన్నాను.

"బాగుంది" అన్నాడు మొదటిదానికి. "ఇదీ బాగుంది" అన్నాడు రెండోదానికి.

"బాగుంది అన్న మాట ఇంకోసారి అన్నావంటే మెడపట్టి మంచులోకి గెంటేస్తా."

ఆ తర్వాత నోరెత్తకుండా చప్పరిస్తూ పోయాడు. మరగబెట్టిన కషాయం దగ్గరికొచ్చాడు. అది నవ్వులాటకి పెట్టాను నేను, మొహం ఎలా పెడతాడో చూద్దామని. ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. నేనేమీ అనకుండానే కప్పెత్తి ఇంకో గుక్క తాగాడు.

"మా చిన్నప్పుడు" అన్నాడు కళ్లు తెరవకుండానే, "క్రిస్మస్‌కి బడి బ్యాండువాళ్లు పులుపూ చేదూ కలిసిన గ్రేప్‌ఫ్రూట్ పళ్ల పెట్టెలు అమ్మేవాళ్లు. అమ్మ సగానికి కోసి అందరికీ చక్కెర చల్లి పెట్టేది. అది తినేసి, నేను తొక్కలు జేబులో వేసుకుని వెనక వసారాలోకి పోయేవాణ్ణి. అక్కడ నమిలేవాణ్ణి."

"చక్కెర వద్దని చెప్పలేకపోయావా?"

"ఆరుగురం పిల్లలం. అందరికీ చల్లేది, నాకొక్కడికే వద్దని ఎలా అంటాం?" అని కళ్లు తెరిచాడు. "మింగేశాక కూడా ఉంటుంది చూడు ఈ చేదు. నోరు ఖాళీ అయ్యాక వెనక నిలబడి ఉంటుంది. నాకు అదిష్టం."

నాకు ఇష్టం అన్న మాట ఆ మనిషి నోట వినడం అదే మొదలు. మిగతాదంతా పదినిమిషాల పని. తొమ్మిది పౌండ్లు మామూలు లేతమాల్టు, అర పౌండు ఎర్రమాల్టు, అది రంగు కోసం. మరుగు మొదట్లోనే ఒక ఔన్సు ఘాటు హాప్స్ వేసి గంటసేపు మరగాలి, చేదంతా అందులోంచే వస్తుంది. చివర్లో నారింజ తొక్క వాసనొచ్చే రకం మూడుసార్లు. అంతే. అతను పెన్సిల్‌తో రాసుకుంటూ ఆ ఒక్క ఔన్సు దగ్గర ఆగాడు.

"ఎక్కువేమో. ముప్పావు వేద్దామా?"

"నీకెంత కావాలి?"

"ఒకటి."

"అయితే ఒకటి రాయి."

కాగితం చిరిగేంత గట్టిగా రాశాడు.

ఫిబ్రవరి పద్నాలుగున కాచాం. ఆ రోజు విన్నెబేగో సరస్సులో స్టర్జన్ చేపల వేట మొదలు. ఊళ్లో మగాళ్లంతా మంచుమీద గుడిసెల్లో బల్లేలు పట్టుకుని మంచుకి కోసిన కన్నంలోకి చూస్తూ కూర్చున్నారు. నార్బ్ గరాజులో మేం ముగ్గురమే, అతనూ రోజాన్ నేనూ. పెద్ద గిన్నె కింద గ్యాసుపొయ్యి బుసకొడుతోంది. తలుపు సగం ఎత్తిపెట్టినా ఆవిరితో ఒకరికొకరం సరిగ్గా కనబడటం లేదు. ఔన్సు హాప్స్ తనే తూచి, తనే వేసి, గిన్నెమీదికి వంగి ఆ వాసన పీలుస్తూ నుంచున్నాడు.

రోజాన్ నన్ను పక్కకి లాగింది. "నలభై ఏళ్ల కాపురంలో ఈయన పెంకితనం ఇప్పుడే చూస్తున్నా. థర్మామీటరు కడుగుతానంటే ముట్టుకోనివ్వడు. నా గరాజు, నా బీరు అంటాడు."

"అలవాటు చేసుకో" అన్నాను.

"అలవాటయ్యేన్నాళ్లు ఉంటే చాలు" అంది.

పదిరోజులు కూడా తిరగకుండానే ఆసుపత్రినించి ఫోను. ఎవరిదో వైద్యం ఆగిపోయి చోటు ఖాళీ అయిందట, మార్చి తొమ్మిదినే మొదలుపెడతామన్నారు. కరెంటు పెట్టేముందు దవడపళ్లు నాలుగు పీకాలట, లేకపోతే తర్వాత ఎముక కుళ్లుతుందట. రోజాన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఎవరికైనా అంతే, ఒక వారం ముందు అంటే ముందే కదా.

"డాక్టర్ని అడిగాను, ఓ వారం ఆగొచ్చా అని" అన్నాడు నాతో. "ఆగితే కొంపలేం మునగవుగానీ, ఎందుకన్నాడు. చెప్పలేకపోయాను."

"ఎందుకు చెప్పలేదు? నోట్లో మాట రాలేదా?"

"బీరు కోసమని ఎలా చెప్పను ఆర్డిస్? అక్కడ చిన్నపిల్లలు కూడా వరసలో కూర్చుని ఉన్నారు."

సరే, రుచి మొదటిరోజే పోదు, రెండో వారమన్నారు కదా, ఇంకా అవకాశముందని చెప్పాను. ఫిబ్రవరి ఆఖరురోజున సీసాల్లోకి పట్టాం. అప్పటికి పళ్లు పీకి నాలుగురోజులు. రెండు బుగ్గలూ వాచి, నోటినిండా కుట్లు. రుచి చూడ్డానికి నాలుగు చుక్కలు గ్లాసులో పట్టుకుని, చూసి, నాకిచ్చేశాడు. "లవంగనూనె, నెత్తురు తప్ప నాకింకేం తెలీటంలేదు. నువ్వు చూడు."

తాగాను. ఇంకా గ్యాసు పట్టని బీరు, గోరువెచ్చగా, చప్పగా ఉండాలి. అలాగే ఉంది. కానీ మింగాక నోటి వెనక అతను చెప్పిన ఆ చేదు వచ్చి నిలబడింది, శుభ్రంగా, గట్టిగా. అది నాకు స్పష్టంగా తెలిసింది.

"ఎలా ఉంది?"

"సీసాలో పడనీ. ఇప్పుడే ఏం చెప్పను" అన్నాను. అలవాటు. ఎవరికైనా అదే చెబుతాను. ఆ రోజు ఇంకా కరెంటు మొదలవలేదు, నామీద అతనికి అనుమానాలేవీ లేవు. ఆ ఒక్కరోజు నిజం చెప్పి ఉంటే నమ్మేవాడు. చెప్పలేదు.

మార్చి పద్నాలుగు, శనివారం. ఐదురోజుల కరెంటు అయింది. నేను వెళ్లేసరికి నేలమాళిగలో ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి పక్కన బొంత కప్పిన సీసాల దగ్గర కూర్చుని ఉన్నాడు. పొద్దున్నే తీసి చల్లపెట్టెలో పెట్టుకున్న సీసా ఒకటి మూత తీస్తే బుస్సుమంది. పోస్తే నురగ రెండువేళ్లు లేచి నిలబడింది. రంగు తేనె రంగు. దీపానికి అడ్డంపెట్టి చూసి, తాగాడు. కాసేపాగి మళ్లీ తాగాడు. మూడోసారి నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేదు.

"ఇనప మేకు చప్పరించినట్టుంది" అన్నాడు.

"చేదు?"

"లేదు. ఏదీ లేదు. చల్లగా ఉందని మాత్రం తెలుస్తోంది."

గ్లాసు నా చేతికిచ్చాడు. తాగాను. ముప్పై ఏళ్లుగా ఎన్ని వందల పేల్ ఏల్స్ తాగానో లెక్కలేదు. వాటిలో ఇలా ఒక మనిషి మాట్లాడినట్టు ఉన్నవి నాలుగో ఐదో. నాలుకమీద తేలిగ్గా మొదలై, నారింజ తొక్క వాసన ముక్కులోకెక్కి, అంతా అయిపోయిందనుకున్నాక ఆ చేదు ఒక్కటీ మిగిలి ఉంది. అతను చెప్పింది చెప్పినట్టు వచ్చింది.

"నార్బ్, చాలా బాగుంది" అన్నాను. "నువ్వడిగినట్టే వచ్చింది. వంక పెట్టడానికి నాకేం దొరకటంలేదు."

నా వంక చూసి నవ్వాడు. "పంతొమ్మిదేళ్లు ఎప్పుడూ అనలేదు. ఇవాళే అనాలా?"

"నిజమయ్యా."

"సరేలే" అన్నాడు. ఆ సరేలేలో నమ్మకం లేదు.

పై శనివారం క్లబ్బు కూడింది. మెడ కాలి ఎర్రగా కమిలితే చుట్టూ మెత్తని గుడ్డ చుట్టుకుని వచ్చాడు. తనే అందరికీ పోశాడు. అందరూ మెచ్చుకున్నారు. నిజంగానే మెచ్చుకున్నారు, కానీ గొంతులు తగ్గించి, ఒకరి తర్వాత ఒకరు లేచి, అతని భుజం తట్టి మెచ్చుకున్నారు. డ్వేన్ అయితే రాష్ట్రంలోనే ఇంతటిది తాగలేదన్నాడు, అన్నాక కళ్లు తుడుచుకున్నాడు, ముండాకొడుకు. ఒక్కో మెప్పుకీ నార్బ్ కుర్చీలో ఇంకాస్త కిందికి జారుతున్నాడు.

ముందు తనే లేచి బయటికి పోయాడు. వెనకాలే వెళ్లాను. కారు పక్కన నుంచుని ఉన్నాడు.

"శవం ముందు నుంచుని మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు మీరంతా" అన్నాడు. గొంతు బొంగురుపోయి సరిగ్గా రావటంలేదు. "తప్పు లేని మొదటి బీరు ఎక్కడైనా ఉంటుందా? నువ్వు కూడా నాకు నిజం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? ఒక్క తప్పు చెప్పు. ఏదో ఒకటి. అప్పుడు నమ్ముతా."

చెప్పడానికి తప్పు లేదు. లేదని మళ్లీ చెప్పి ఉండాల్సింది. కానీ ఆ గుడ్డ చుట్టిన మెడ, ఆ అడుక్కునే చూపు చూడలేకపోయాను. ఏదో ఒకటి అనేసి ఆ మనిషిని గట్టెక్కిద్దామనుకున్నాను. మొదటిసారి పేల్ ఏల్ కాచిన ప్రతివాడికీ నేను పెట్టే వంకే నోటికొచ్చింది.

"కొంచెం చేదెక్కువైంది" అన్నాను.

అతని మొహం తేటపడింది. రెండు నెలల్లో అలా తేటపడటం నేను చూడలేదు.

"అనుకున్నా" అన్నాడు. "నాకు తెలుసు. అంత చేదు ఎవరు తాగుతారు? నా నాలుకే తేడా. చిన్నప్పటినించీ తేడానే." కోటు జేబులోంచి ఆ కాగితం తీశాడు. కారు పైకప్పుమీద పెట్టి, ఒక ఔన్సు అన్నదాన్ని కొట్టేసి, పక్కన అర ఔన్సు అని రాశాడు.

"అర ఎందుకయ్యా? కొంచెం అన్నాను కదా."

"నువ్వు జాలిపడి కొంచెం అన్నావు. అంటే చాలానే అయ్యుంటుంది."

అబద్ధం చెప్పానని అప్పుడే చెప్పొచ్చు. చెబితే ఇక నేనేం చెప్పినా నమ్మడు. చెప్పకపోతే కాగితంమీద ఈ అర ఔన్సే మిగులుతుంది. అటు నుయ్యి ఇటు గొయ్యి. నేనక్కడ నుంచునుండగానే కారెక్కి వెళ్లిపోయాడు. రెండురోజుల తర్వాత తెలిసింది, మిగిలిన సీసాలన్నీ వంటింటి సింకులో పారబోశాడని. బాగాలేనిది ఎవరికీ అంటగట్టకూడదని రోజాన్‌తో అన్నాడట.

కరెంటు అయిపోయి, తిండి కోసం పొట్టలో పెట్టిన గొట్టం తీసేశాక, జూన్‌లో రెండోసారి కాచాడు, అర ఔన్సుతో. రుచి తిరిగి రాలేదు. అయినా కాచాడు. క్లబ్బులో అందరికీ ఇది మొదటిదానికన్నా నచ్చింది. ఈసారి గొంతులు తగ్గించలేదు, రెండో గ్లాసు అడిగి పోయించుకున్నారు. నేనూ తాగాను. శుభ్రంగా, మెత్తగా, కొంచెం తియ్యగా, గొంతులోంచి మర్యాదగా దిగిపోయింది. దిగిపోయాక నోట్లో ఏమీ లేదు. అలాంటిది ఏ బారుకెళ్లినా దొరుకుతుంది.

"చేదు సరిపోయిందా ఇప్పుడు?" అని అడిగాడు.

"సరిపోయింది" అన్నాను.

"అందరికీ నచ్చింది కదా" అన్నాడు తృప్తిగా.

సెప్టెంబరులో ఊపిరితిత్తుల్లో కనబడింది. అక్టోబరులో డాక్టర్లు ఇంక చేసేదేం లేదన్నారు. ఆ వారమే రోజాన్ ఆ కాగితం తెచ్చి డ్వేన్ చేతికిచ్చి, పెద్దగిన్నెతో కాచిపెట్టమంది. ఎప్పటికోసమని ఎవరూ అడగలేదు. డ్వేన్ ఆ కాగితాన్ని నా దగ్గరికే తెచ్చాడు, సరుకు తూచి ఇవ్వమని. కొట్టేసిన గీత కింద ఒక ఔన్సు అన్న అక్షరాలు ఇంకా స్పష్టంగా కనబడుతున్నాయి. ఒక ఔన్సు తూచి ఇచ్చినా డ్వేన్‌కి తెలిసేది కాదు. కానీ ఒకసారి అబద్ధంతో అతని బీరుని పాడుచేశాను, ఇప్పుడు దొంగతనంగా దిద్దడానికి నాకేం హక్కు అనిపించింది. అది హక్కుల గొడవ కాదు, పిరికితనం. ఎందుకు మార్చావని రోజాన్ అడిగితే మొత్తం చెప్పాల్సి వస్తుంది. అర ఔన్సే తూచాను.

జింకల వేట మొదలయ్యే వారానికి ముందు నార్బ్ పోయాడు. ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో భోజనాలు పెట్టారు. హామ్ పెట్టిన బన్నులు, బంగాళాదుంపల సలాడు, మూలన మంచు తొట్టెలో ఆ బీరు పీపా. జనం వరసకట్టి పోసుకున్నారు. ఎవరి నోట విన్నా ఒకటే, నార్బ్ లాగే ఉంది బీరు కూడా, ఎవరికీ ఇబ్బంది లేకుండా. అది విని తిట్టాలనిపించింది. ఎవర్ని తిట్టను?

రోజాన్ ప్లాస్టిక్ కప్పు పట్టుకుని నా పక్కకి వచ్చి కూర్చుంది. ఆవిడ బీరు తాగగా నేనెప్పుడూ చూడలేదు.

"నలభై ఏళ్లు వండిపెట్టాను ఆర్డిస్" అంది. "ఏది పెట్టినా బాగుందనేవాడు. ఆయనకేమిష్టమో నాకొక్కనాడూ తెలీలేదు. అడిగితే నీకేది ఇష్టమైతే అదే అనేవాడు. ఇదొక్కటే ఆయన తనకోసం చేసుకుంది." కప్పులోకి చూసింది. "నువ్వు దగ్గరుండి చూశావు కాబట్టి అడుగుతున్నా. ఇదే కదా, ఆయనకిష్టమైన రుచి?"

ఆవిడ కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. చుట్టూ జనం ఉన్నారు.

"ఇదే" అన్నాను.

రోజాన్ తలూపింది. ఒక్కో గుక్కా నోట్లో కాసేపు ఉంచుకుని, బాగా గుర్తుపెట్టుకోవాలన్నట్టు నెమ్మదిగా మింగుతూ, కప్పంతా తాగేసింది.